గుండె సభలో, లెక్క ఇంట్లో

2023 డిసెంబర్ 14, పొద్దున్నే. శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం హోరు వినిపించేంత దగ్గరున్న ఒక ఊళ్లో ఆర్టీసీ బస్సు ఆగి ఉంది. ముందు అద్దం మీద ముఖ్యమంత్రి జగన్ ఫ్లెక్సీ. మీరూ ఎక్కండి. కిటికీ పక్క సీటు మాత్రం ఆశపడకండి. ఆడవాళ్లు కిందినుంచే తువ్వాళ్లు విసిరి ఎప్పుడో ఆపేసుకున్నారు.

"ఇలా రా బాబూ, జరుగుతాం," అని ఒకావిడ చోటిస్తుంది. ఆవిడ చేతులు చూడండి. వేళ్ల కొసలు నల్లబారి, చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది. పలాస జీడి కార్ఖానాలో పిక్కలు కొట్టే చేతులవి. పిక్క తొక్కలోని చమురు చర్మాన్ని కాల్చేస్తుంది. నూనె రాసుకున్నా, బూడిద పులుముకున్నా ఆ నలుపు పూర్తిగా వదలదు. ఇవాళ్టి కూలి మానుకుని వచ్చింది.

వెనక సీట్లో భార్యాభర్తలు. అతనికి నలభై దాటి ఉంటాయేమో, అరవైలా కనిపిస్తాడు. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, దానికి కుడిచెయ్యి అడ్డం పెట్టి కూర్చున్నాడు. మణికట్టు పైన నరం ఉబ్బి మెలికలు తిరిగి ఉంది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి డాక్టర్లు ధమనినీ సిరనూ కలిపి కుట్టిన చోటు అది; ఫిస్టులా అంటారు. వేలు ఆనిస్తే లోపల జుమ్మని అదురుతుంది. ఆ చేత్తో బరువెత్తకూడదు, దానికి బీపీ పట్టీ చుట్టకూడదు, దాని మీద ఒత్తిగిలి పడుకోకూడదు. ఆ అదురు ఆగిపోతే డయాలసిస్‌కి దారి మూసుకుపోయినట్టే. అందుకే దాన్ని ఇంట్లో అందరూ కాచుకుంటారు.

"జనంలోన నలిగిపోద్ది, రావద్దు అంటే ఇన్నాడు కాదు," అంటుంది భార్య.

"మన కోసం ఆస్పత్రి తెరుస్తున్నాడు. సూడొద్దేటి?" అంటాడతను.

బస్సు కదిలింది. రెండు పక్కలా జీడితోటలు, కొబ్బరి, పనస. చూడ్డానికి పచ్చగానే ఉంటుంది గానీ మధ్యలో ఖాళీలు గమనించండి. 2018 అక్టోబర్ 11 తెల్లవారకముందే తిత్లీ తుపాను ఈ తీరాన్నే దాటింది. తాతలు వేసిన చెట్లు ఒక్క రాత్రిలో కూలాయి. జీడిమొక్క నాటితే కాపుకొచ్చేదాకా ఏళ్లు ఆగాలి, కొబ్బరికి ఇంకా ఎక్కువ. తుపాను ఒక్కటే కాదు, జబ్బూ ఉంది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు: ఈ ఏడు మండలాల ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో, ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా ఇదీ కారణమని తేలలేదు. నీళ్లంటారు, ఎండలో చెమటోడ్చే పనంటారు, నొప్పి మాత్రలంటారు, పురుగుమందులంటారు. కారణం చెప్పలేని రోగం ఇంట్లో ఉన్నప్పుడు, 'నేనున్నా' అన్న ఒక్క మాటకు ఎంత బరువుంటుందో ఈ బస్సులో కూర్చుంటే తెలుస్తుంది.

డ్రైవరు వెనకాల ఎర్ర తువ్వాలు మెడలో వేసుకున్న కుర్రాడు నిలబడి ఉన్నాడు. అందరూ ఆట పట్టిస్తున్నారు.

"జగన్ మీటింగుకి పవన్ తువ్వాలేట్రా?"

"అమ్మకి తోడొచ్చాను. 2017 జనవరిలో ఇచ్ఛాపురం ఒచ్చి కిడ్నీ రోగుల్తో కూకున్నదెవుడు? ఆయన ఒచ్చాకే కదా లోకానికి ఉద్దానం కనపడింది!"

అంతకు చాలాముందునుంచే ఇక్కడి డాక్టర్లు, ఊళ్లవాళ్లు మొత్తుకుంటూనే ఉన్నారు. కానీ ఒక సినిమా హీరో పక్కన కూర్చుని రోగుల మాట వింటే కెమెరాలన్నీ ఇటు తిరిగాయన్నది కాదనలేం. పవన్ కల్యాణ్ 2018 మేలో ఇదే సమస్యపై శ్రీకాకుళంలో ఒకరోజు నిరాహార దీక్ష కూడా చేశారు. అప్పటి చంద్రబాబు ప్రభుత్వం డయాలసిస్ కేంద్రాలు పెట్టి, రోగులకు నెలకు 2,500 రూపాయల పింఛను మొదలుపెట్టింది. జగన్ ప్రభుత్వం వచ్చాక 2019లో ఆ పింఛను 10,000 అయింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో పలాస ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది. బస్సులో ఎవరి హీరో ఏం చేశాడన్న లెక్క గట్టిగానే నడుస్తోంది. చివరికి జీడి కార్ఖానా ఆవిడ తేల్చేసింది: "ఎవుడు సేసినా రోగం మనదే కదర్రా."

*

పలాస. బస్సు ఊరి బయటే ఆపేశారు. అక్కణ్నుంచి నడక. రోడ్డుకిరువైపులా కర్రల కంచెలు, మూడు రంగుల జెండాలు, కాళ్ల కింద నలిగిన నీళ్ల పాకెట్లు. మీరు ఆ ఫిస్టులా చెయ్యి వైపే నిలబడండి, మీ భుజం అడ్డం పెట్టండి. వెనకనుంచి తోపు వచ్చిన ప్రతిసారీ అతని భార్య మోచేతులు చాపి ముగ్గురి చోటు కాపాడుతోంది.

ముఖ్యమంత్రి ముందు కంచిలి మండలం మకరాంపురంలో ఉన్నారు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లను ఉద్దానానికి తెచ్చే 700 కోట్ల రూపాయల పథకాన్ని అక్కడ ప్రారంభించి, పలాసలో 200 పడకల ఆస్పత్రినీ కిడ్నీ పరిశోధన కేంద్రాన్నీ తెరిచి, ఆ తర్వాత సభకు వస్తారు. జనం ఎండలో నిలబడి ఉన్నారు. ఎవరూ విసుక్కోవడం లేదు. పక్కవాళ్ల ఊరేదో అడుగుతున్నారు, పెళ్లి సంబంధాలు కదుపుతున్నారు, పిల్లలకు ఐసులు కొంటున్నారు. ఇది ఒక జాతర కూడా. రోజంతా పిక్కలు కొట్టుకునే మనిషికి నలుగురితో కలిసి, తనకంటూ ఒక పక్షం ఉందని గట్టిగా అరిచే రోజు ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది?

హెలికాప్టర్ మోత. ఆ ఒక్క క్షణంలో ఏం జరుగుతుందో చూడండి. వేల తలలు ఒక్కసారి పైకి లేస్తాయి. వేల ఫోన్లు లేస్తాయి. "ఒచ్చేసినాడు, ఒచ్చేసినాడు!" జీడి కార్ఖానా ఆవిడ కళ్లు తడిశాయి. ఆ కన్నీళ్లు డబ్బిచ్చి తెప్పించినవి కావు. బస్సు పార్టీ పెట్టించింది కావచ్చు, పులిహోర పొట్లం పార్టీది కావచ్చు. కన్నీళ్లు మాత్రం ఆవిడవే. బిర్యానీ కోసం వచ్చారు, అయిదొందల కోసం వచ్చారు అని టీవీ ముందు కూర్చుని తేల్చేసేవాళ్లు ఒక్కసారి ఈ గుంపులో నిలబడాలి.

రోగి భార్య చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. పొద్దున్నుంచీ దాన్ని వదల్లేదు. అందులో ఆధార్ జిరాక్సు, క్రియాటినిన్ రిపోర్టులు, చేత్తో రాయించిన అర్జీ. పెద్దకొడుక్కి కూడా ఈ మధ్య కిడ్నీ పరీక్షలో అంకె పెరిగిందట. వాడికి ఏదైనా నీడపట్టు ఉద్యోగం చూపించమని రాయించింది. కాన్వాయ్ వస్తుంటే కవరు తలపైకెత్తి, "అన్నా! జగనన్నా!" అని కేకేసింది. ముఖ్యమంత్రినైనా అన్న అనే పిలుస్తోంది. ఈ నేల మీద అర్జీ పెట్టుకునేది అధికారికి కాదు, ఇంటి మనిషికి. ఎన్టీ రామారావు కూడా ఆ వరసతోనే అందరికీ 'అన్న' అయ్యారు. వరస కలిస్తే అడిగే చొరవ వస్తుంది.

కారు ఆగలేదు. వెనక వస్తున్న సిబ్బందిలో ఒకరు చెయ్యి చాపి కవరు అందుకున్నారు. అంతే. ఆవిడ మొహం వెలిగింది. "పాదయాత్రలో ఒచ్చినప్పుడు నా నెత్తిన సెయ్యేసినాడు బాబూ. ఈయన సెయ్యి ఒట్టుకుని, ఈ నరం మీద ఏలుతో రాసి సూసినాడు. ఏ ఆఫీసరూ ముట్టుకోలేదు."

ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. ఏ ఆఫీసరూ ముట్టుకోలేదు. నాయకుడి మీద మోజు ఎక్కడ పుడుతుందన్నదానికి ఇంతకంటే మంచి జవాబు నేను వినలేదు. కౌంటరు వెనక కూర్చున్నవాడు మొహం ఎత్తి చూడని చోట, రేపు రా ఎల్లుండి రా అని తిప్పించుకున్న చోట, ఒక మనిషి వచ్చి చెయ్యి పట్టుకుంటే జనం ఆ మనిషిని గుండెలో పెట్టుకుంటారు. అర్జెంటీనాలో 1940ల చివర్లో ఎవా పెరోన్ పేదల్ని స్వయంగా కూర్చోబెట్టుకుని, వాళ్ల అర్జీలు విని, కుట్టు మిషన్లు, మందులు, ఇళ్లు ఇప్పించేవారు. 1952లో ఆమె చనిపోతే వీధులు కన్నీళ్లతో నిండిపోయాయి. ప్రాంతం ఏదైనా ఆకలి ఒకటే, లెక్కలోకి రావాలన్న ఆకలి. దాన్ని అమాయకత్వం అనడం అన్యాయం.

*

సభ ఇంకా నడుస్తూనే ఉంది. కొందరు అప్పుడే లేచి వెళ్లిపోతున్నారు. ఊరు దూరం, పశువులకు గడ్డి వెయ్యాలి. మీరూ కాశీబుగ్గ వైపు నడిచి టీ బడ్డీ దగ్గర కూర్చోండి. బెంచీ మీద టెక్కలి పెద్దాయన ఒకరున్నారు. వయసు ఎనభైకి దగ్గర. ఆయనది పసుపు జెండా, ఆ మాట ఆయనే ముందు చెప్పారు.

"1994లో రామారావు రెండు చోట్ల నిలబడినాడు. హిందూపురం, మా టెక్కలి. రెండు చోట్లా గెలిచినాడు. హిందూపురం ఉంచుకుని మమ్మల్ని వదిలేసినాడు."

కోపం రాలేదా?

"కోపమెందుకు బాబూ? రామారావు మా టెక్కలి పేరు సెప్పి నామినేషన్ ఏసినాడు. అంతకంటే ఏటి కావాల? 83లో రెండ్రూపాయల బియ్యం ఇచ్చినాడు. మా అమ్మ ఆ బియ్యం సేట్లో పోసి, ఆయన ఫొటో ముందర పెట్టి దండమెట్టింది. అంతకు ముందు మా ఇంట అంబలే."

టెక్కలి ఆ ఖాళీకి 1995లో జరిగిన ఉప ఎన్నికలోనూ తెలుగుదేశానికే ఓటేసింది. హనుమంతు అప్పయ్యదొర గెలిచారు. అదే ఏడాది ఆగస్టులో రామారావు పార్టీనీ పదవినీ పోగొట్టుకున్నారు, 1996 జనవరి 18న కన్నుమూశారు. అప్పుడేం చేశారని అడిగితే పెద్దాయన టీ గ్లాసు పక్కన పెట్టారు.

"రెండ్రోజులు పొయ్యి ఎలిగించలేదు. తరవాత సెంద్రబాబుకే ఓటేసినాం. ఏడుపు ఏడుపే, ఓటు ఓటే. నాగలి ఆగకూడదు కదా."

ఈ జిల్లాలో అభిమానం గురించి రాసేవాళ్లు సాధారణంగా ఆ ఏడుపు దగ్గరే ఆగిపోతారు. ఓటు దాకా వెళ్లరు. వెళ్తే కథ మారిపోతుంది.

ఇచ్ఛాపురం చూడండి. రాష్ట్రంలో వైఎస్ కుటుంబం పాదయాత్రలకు అది చివరి మజిలీ. 2003లో చేవెళ్ల నుంచి నడిచిన రాజశేఖరరెడ్డి ఆగింది అక్కడే. 2013లో షర్మిల ఆగింది అక్కడే. 3,648 కిలోమీటర్లు నడిచి 2019 జనవరి 9న జగన్ ఆగిందీ అక్కడే. ఆ రోజు జనం పోటెత్తారు. నాలుగు నెలలు తిరిగాక రాష్ట్రమంతా 151 సీట్లతో జగన్ వెంట నడిస్తే, ఆ జనం పోటెత్తిన ఇచ్ఛాపురం మాత్రం తెలుగుదేశం అభ్యర్థి బెందాళం అశోక్‌ను గెలిపించింది.

పలాస ఇంకా ఖచ్చితంగా లెక్క చూస్తుంది. 2009లో మొదటిసారి ఎన్నిక జరిగిన నియోజకవర్గం ఇది. ఆ ఏడాది కాంగ్రెస్, 2014లో తెలుగుదేశం, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్. ఏ పార్టీకీ వరసగా రెండోసారి ఇవ్వలేదు. తిత్లీ తర్వాత చంద్రబాబు పలాసలోనే మకాం వేసి సహాయ పనులు చూశారు. ఏడు నెలలకు పలాస ఆయన పార్టీని ఓడించింది.

ఇంకొంచెం వెనక్కి వెళ్లండి. 2010 జూలై 8న, తండ్రి వైఎస్ రాజశేఖరరెడ్డి పుట్టినరోజునాడు, జగన్ కాంగ్రెస్ అధిష్ఠానాన్ని కాదని ఓదార్పు యాత్రను ఇచ్ఛాపురం నుంచి మళ్లీ మొదలుపెట్టారు. వైఎస్ మరణంతో గుండె ఆగి చనిపోయారన్న మనుషుల ఇళ్లకు వెళ్లి కన్నీళ్లు తుడిచే యాత్ర అది. దారిపొడుగునా జనమే. సరిగ్గా ఆరు రోజుల తర్వాత, జూలై 14న, అదే దారిలోని సోంపేటలో బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని ఎదురు తిరిగిన రైతులు, మత్స్యకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. ఆ ప్లాంటు పర్యావరణ అనుమతి అదే రోజు రద్దయింది. బీల కోసం నిలబడినవాళ్లలో అన్ని జెండాలవాళ్లూ ఉన్నారు. నాయకుడి కోసం ఏడ్చే గుండె, తన బీల కోసం తూటాకు ఎదురొడ్డే గుండె వేర్వేరు మనుషులవి కావు.

*

ఇప్పుడు 2024 మే 13కి రండి. పోలింగ్ రోజు. రెండు రోజులుగా పలాస స్టేషన్‌లో ఫలక్‌నుమా ఆగినప్పుడల్లా జనరల్ బోగీలు ఖాళీ అవుతున్నాయి. హైదరాబాద్‌లో వాచ్‌మన్లుగా, తాపీమేస్త్రీలుగా, అపార్ట్‌మెంట్లలో పనివాళ్లుగా ఉన్న ఉద్దానం ఇంటికొచ్చింది. బడి వరండాలో క్యూ. ఎండ చురుక్కుమంటోంది.

మీ ముందు జీడి కార్ఖానా ఆవిడే ఉంది. డిసెంబర్‌లో కంచె పట్టుకుని ఏడ్చిన మనిషి. క్యూలో ఆవిడ నోట నాయకుడి పేరు రావడం లేదు. జీడిపిక్కల ధర, కొడుకు చదువు, ఊరికి రావాల్సిన కుళాయి, పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి బొమ్మ. "మా మావ ఇచ్చిన బూమికి ఈయన బొమ్మేటి?" అంది పక్కావిడతో, గొంతు తగ్గించి. లోపల సిరా పుల్ల తీసుకున్న ఉద్యోగి ఆవిడ వేలు చూసి తటపటాయించాడు. చమురు కాల్చిన నలుపు మీద సిరా గుర్తు ఆనుతుందా? గోరు మొదట్లో చర్మం మిగిలిన చోటు వెతికి, రెండుసార్లు గీశాడు. ఆవిడ అట్టపెట్టె చాటుకు వెళ్లింది. మీట నొక్కిన శబ్దం వచ్చింది. ఎవరికి వేసిందో భర్తకు కూడా చెప్పదు.

జూన్ 4న రాష్ట్రంలో 175కి 164 సీట్లు తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి వచ్చాయి. పలాసలో స్థానికుడు, డాక్టరు, మంత్రిగా చేసిన సీదిరి అప్పలరాజు ఓడిపోయారు. సర్దార్ గౌతు లచ్చన్న మనవరాలు గౌతు శిరీష గెలిచారు. ఆస్పత్రి తెరిచి ఆరు నెలలు కూడా నిండలేదు.

'ఇంత చేస్తే ఇదా విశ్వాసం' అన్న మాట ఓడిపోయినవాళ్ల నోట వినిపించింది. 2019లో ఇదే మాట రెండో పక్షం అంది. ఇద్దరిదీ ఒకటే పొరపాటని నా నమ్మకం. కిడ్నీ పాడైన మనిషికి డయాలసిస్, తాగడానికి మంచినీళ్లు, కూలిన తోటకు పరిహారం అప్పుగా ఇచ్చినవి కావు, ఓట్ల రూపంలో వడ్డీతో వసూలు చేసుకోవడానికి. అవి ఆ మనిషికి రావాల్సినవి. ఇచ్చిన చేతిని జనం మరిచిపోలేదు. జీడి కార్ఖానా ఆవిడ ఇంట్లో ఇప్పటికీ జగన్ ఫొటో ఉంది, పక్కింట్లో రామారావు ఫొటో ఉన్నట్టే. దండం ఫొటోకి, ఓటు లెక్కకి. ఈ రెంటినీ విడిగా ఉంచుకోగలగడం ఉద్దానం ఓటరు సంపాదించుకున్న తెలివి.

అయితే నష్టపోతున్నవాళ్లు ఉన్నారు, వాళ్లు అందరికంటే గట్టి అభిమానులు. ఉద్దానంలో తాగునీటి పథకానికి ఒక ప్రభుత్వంలో ఎన్టీఆర్ పేరు, ఇంకో ప్రభుత్వంలో వైఎస్సార్ పేరు. కుళాయి మీద పార్టీ పేరుంటే, నీళ్లు రాని రోజు ఆ పార్టీ మనిషి అడగలేడు. అడిగితే అన్నను తప్పు పట్టినట్టవుతుంది. అవతలి పార్టీ మనిషి అడిగితే కావాలని అల్లరి చేస్తున్నాడంటారు. ఇద్దరి నోరూ మూతపడ్డాక కుళాయి సంగతి చూసేదెవరు? 2024 జూలై 1న పెంచిన పింఛను, పాత బాకీతో కలిపి 7,000, సచివాలయం ఉద్యోగి ఇంటికే తెచ్చిచ్చారు. అంతకుముందు పింఛను తెచ్చే వాలంటీరు పోయాడు, కాగితం మీద బొమ్మ మారింది. తీసుకున్న ముసలావిడ కొత్త బొమ్మకు దండం పెట్టింది. ఆవిడను తప్పు పట్టను. ఆ దండం కోసమే అక్కడ బొమ్మ అచ్చువేసిన అలవాటును తప్పు పడతాను, ఏ రంగుదైనా సరే.

అడగడం ఈ నేలకు కొత్త కాదు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగింది పలాసలోనే. ఆ వెంటనే ఏప్రిల్ 1న మందస జమీందారీతో పోరులో, గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు వీరగున్నమ్మ బలైంది. ఆవిడ ఎవరి ఫ్లెక్సీ కిందా నిలబడలేదు. ఊరి హక్కు కోసం నిలబడింది.

కాబట్టి సభలకు వెళ్లండి. జెండా పట్టండి, జై కొట్టండి, కళ్లు తడిస్తే తుడుచుకోకండి. అభిమానం మనిషికి బలమిస్తుంది. కానీ కవరు అందుకున్న సిబ్బంది దగ్గర అర్జీకి నంబరు ఇప్పించుకోండి. పలాస ఆస్పత్రిలో కిడ్నీ డాక్టర్లు ఎంతమంది ఉన్నారు, డయాలసిస్ యంత్రాలు ఎన్ని పనిచేస్తున్నాయి, వంశధార నీళ్లు ఏ ఊరిదాకా వచ్చాయి, జీడిపిక్కల బస్తాకు ధర ఎంత ఇప్పిస్తారు అని అడగండి. ముందు అడగాల్సింది గెలిచిన పార్టీ అభిమానే. ఓడినవాడు అడిగితే కక్ష అంటారు. జెండా మోసినవాడు అడిగితే నాయకుడు వినక తప్పదు.